కొత్త రకం పేకాట నేర్చుకుంటే తప్పేంటి అయ్యగారూ?



పండుగ సెలవులకు హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఇళ్లకు వచ్చిన మన యౌవనస్థులు కొందరు ఈ మధ్య స్టడ్ పోకరు ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. అందరూ ఆడే టెక్సాస్ హోల్డెమ్ కాదట. ర్యాజ్, షికాగో, ఫాలో ద క్వీన్, బేస్‌బాల్ అని ఎక్కువమందికి తెలియని రకాలు నేర్చుకుంటున్నారట. "డబ్బు కోసం కాదు అయ్యగారూ, బుర్రకు పదును. చదరంగం లాంటిదే" అంటున్నారు.

ఈ మాట మేము ఒప్పుకోము. అయితే ఆట తెలియకుండా తిడుతున్నామని అనుకోకుండా ముందు ఆట సంగతే చెప్తాము.

ఏడు ముక్కల స్టడ్‌లో ఒక్కొక్కరికి మొదట రెండు ముక్కలు మూసి, ఒకటి తెరిచి పంచుతారు. తర్వాత మూడు తెరిచి, చివరిది మళ్లీ మూసి. మొత్తం అయిదు సార్లు పందెం. తెరిచిన ముక్కలను గుర్తు పెట్టుకోవడంలో నేర్పు ఉంది, కాదనము. మీ చేతిలో నాలుగు ఇస్పేట్లు ఉంటే మిగిలినవి తొమ్మిది. ఎదుటివాళ్ల ముందు నాలుగు కనబడితే మీకు దారి అయిదే. ఇది లెక్కే.

ఇప్పుడు ఆ రకాలు చూడండి. ర్యాజ్‌లో తక్కువ చేయి గెలుస్తుంది. ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు వస్తే అంతకు మించింది లేదు. షికాగోలో మూసిన ముక్కల్లో పెద్ద ఇస్పేటు ఉన్నవాడికి సగం సొమ్ము. ఫాలో ద క్వీన్‌లో రాణి తెరిచి పడితే ఆ తర్వాత తెరిచి పడే ముక్క రకమంతా జోకరు. ఇంకో రాణి పడితే జోకరే మారిపోతుంది. బేస్‌బాల్‌లో మూళ్లు, తొమ్మిదులు, అంటే ఎనిమిది ముక్కలు జోకర్లు. తెరిచి నాలుగు పడితే అదనంగా ఒక ముక్క. మామూలు పోకరు తెలిసినవాడు చేతికొచ్చిన ఫ్లష్ చూసి మురిసిపోతాడు. ఎనిమిది జోకర్లున్న ఆటలో ఆ ఫ్లష్ ఎంత బలహీనమో వాడికి తెలియదు. మీకు తెలుసు.

మా అభ్యంతరం అక్కడే ఉంది. పంచేవాడు తనకిష్టమైన రకం ఎంచుకునే ఇంటి ఆటల్లో, తక్కువమందికి తెలిసిన రకం నేర్చినవాడి లాభం ఎక్కడినుంచి వస్తుంది? బల్లకు అవతల కూర్చున్నవాడికి తెలియకపోవడం నుంచి. ఆ అవతలివాడు సాధారణంగా సొంత బావమరిదో, చిన్ననాటి స్నేహితుడో. "నియమాలు చెప్పే కదా మొదలుపెట్టాము" అంటారు. చెప్పారు, రెండు నిమిషాలు. మీరు నేర్చుకున్నది మూడు నెలలు. తూకపు రాళ్ల లోగుట్టు ఒక్కరికే తెలిసిన బేరం ఇది. పొరుగువాని సొమ్ము ఆశించవద్దన్న పదవ ఆజ్ఞ మన ఇంటి మేజాబల్ల దగ్గర ఆగిపోదు.

"డబ్బు పెట్టము" అంటారా? అయితే ఒకటి ఆలోచించండి. చదరంగంలో పందెం తీసేస్తే చదరంగం మిగులుతుంది. స్టడ్‌లో ఆ అయిదు పందేలు తీసేస్తే ఏడు ముక్కలు పంచి చూసుకోవడమే మిగులుతుంది. లేని చేయి ఉన్నట్టు బెదిరించడానికి ఎదుటివాడికి పోయేది ఏదో ఉండాలి కదా. అందుకే చింతపిక్కలతో మొదలైన ఆట చింతపిక్కలతో ఎక్కువ రాత్రులు సాగదు.

కోర్టు మాట కూడా తెస్తున్నారు. 1968లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు నేర్పు ప్రధానమని చెప్పింది రమ్మీ గురించి. మూడు ముక్కలాట కేవలం అదృష్టమేనని అదే తీర్పులో ఉంది. ఈ భాగం ఎవరూ గుర్తు చేయరు. 2025లో పార్లమెంటు చేసిన చట్టమైతే నేర్పా, అదృష్టమా అని చూడకుండానే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

ఇక బైబిలులో చీట్లు వేయలేదా అన్న ప్రశ్న. వేశారు. మత్తీయ ఎన్నికలో చీటి రానివాడు తన జేబులోనిది ఏదీ పోగొట్టుకోలేదు. సిలువ క్రింద సైనికులు వేసిన చీట్లలో మాత్రం ఒకని వస్త్రము పోయింది. మీ ఆట ఈ రెంటిలో దేనికి దగ్గరో మీరే చూసుకోండి.

క్రిస్మస్ జాగారం రాత్రి మందిరపు వరండాలో పేకముక్కలు వద్దని సంఘపెద్దలతో కలిసి నిర్ణయించాము. చదరంగం బల్లలు రెండు, క్యారమ్ బోర్డు ఒకటి ఉన్నాయి. క్యారమ్ పౌడరు మాత్రం మీరే తెచ్చుకోవాలి.