స్టేజి పక్కన చోటుందా?

సిడ్నీ ఒపెరా హౌస్ బొమ్మ చూడనివాళ్లు మన బ్యాచ్‌లో ఎవరూ ఉండరు. నీళ్ల ఒడ్డున తెల్లటి తెరచాపల్లాంటి పైకప్పు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ 1957లో ఆ డిజైన్‌తో పోటీ గెలిచాడు. బిల్డింగ్ తెరిచింది 1973లో. 70 లక్షల డాలర్లలో అయిపోతుందనుకున్న పని చివరికి 10 కోట్ల 20 లక్షలకు తేలింది. ఆ పైకప్పు లెక్కలు చేత్తో తెగక కంప్యూటర్లు వాడారు. కట్టడాల లెక్కలకు కంప్యూటర్ని అంత పెద్ద ఎత్తున వాడిన తొలి రోజులవి. సీఎస్ఈ వాళ్లం కాస్త కాలర్ ఎగరేసుకోవచ్చు.

కానీ ఆ కథలో ఇంకో ముక్క ఉంది. పెద్ద హాలు ఒపెరాకీ, కచేరీలకీ రెండింటికీ పనికిరావాలని మొదట అనుకున్నారు. ప్రభుత్వంతో గొడవై 1966లో ఉట్జన్ వెళ్లిపోయాక, ఆ హాలుని కచేరీలకే ఇచ్చేసి, అప్పటికే బిగించిన స్టేజి మెషినరీని పీకేశారు. ఒపెరా చిన్న హాలుకి మారింది. అక్కడ స్టేజి పక్కల చోటు తక్కువ, వాయిద్యాలవాళ్లు కూర్చునే గుంట ఇరుకు. అంత పేరున్న ఒపెరా హౌస్‌లో ఒపెరాకే చోటు చాల్లేదు!

మనకేంటి సంబంధం అంటారా? ఒపెరా అంటే కథని పాడుతూ ఆడడం. మన దగ్గర దానికి బాగా దగ్గరి చుట్టం పద్యనాటకం. మధ్యలో మాటలుంటాయి నిజమే, కానీ జనం వచ్చేది పద్యం కోసం. హార్మోనియం అందుకుంటే నటుడు రాగం తీస్తాడు, నచ్చితే ‘ఒన్స్ మోర్’ అని అరుస్తారు, ఆయన మళ్లీ పాడతాడు. మన చిత్తూరు నాగయ్య గారు కూడా సినిమాలకి ముందు ఇలాంటి నాటకాల్లో పాడినవారే.

దీనికి ఒపెరా హౌస్ కూడా మన రాయలసీమలోనే పుట్టింది. తోలుబొమ్మలాట ఆడే వనారస వారి కుటుంబం 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో, బొమ్మలు పక్కనపెట్టి మనుషులతోనే ‘కీచక వధ’ ఆడింది. ఊరి పేరే సమాజం పేరైంది. వాళ్ల థియేటర్ ఊరూరా తిరిగేది. డేరా వేసుకుని ఆడేవాళ్లు, విప్పుకుని ఇంకో ఊరికి పోయేవాళ్లు. కానీ లోపల ఏం కావాలో అన్నీ ఉండేవి. పైకి చుట్టేసే రంగుల తెరలు, పక్కన వింగ్స్, పైన తాళ్లూ తీగలూ. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో ఎగురుకుంటూ ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. అదంతా తెర వెనక మనుషులు చేత్తో లాగే పనే. లాగేవాడికీ, ముందు నిలబడినవాడికీ టైమింగ్ తప్పితే మాయ కాస్తా కామెడీ అయిపోతుంది.

మన చుట్టుపక్కల ఊళ్లలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం సంగతీ అంతే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖర్లో మైదానంలో పడుకోబెట్టిన పేద్ద దుర్యోధనుడి మట్టిబొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు వేషగాళ్లు ఆడతారు. ఆటకి ఏం కావాలో తెలిసినవాళ్లు కట్టుకున్న స్టేజి అది. గోడల్లేకపోయినా లోటు లేదు.

ఇప్పుడు మన వైపు ఇంజనీరింగ్ కాలేజీల ఆడిటోరియంలు చూడండి. ఏసీ ఉంటుంది, కుషన్ సీట్లుంటాయి, ఎల్ఈడీ వాల్ ఉంటుంది. స్టేజికి రెండు పక్కలా రెండడుగుల్లో గోడ. తల మీద ఫాల్స్ సీలింగ్. ఒక తెర కట్టడానికి కొక్కెం కూడా దొరకదు. ప్లేస్‌మెంట్ టాక్‌కి భేషుగ్గా ఉంటుంది. నాటకానికి మాత్రం పనికిరాదు.

‘నాటకం ఏడాదికోసారి కూడా వెయ్యరు, దానికోసం డబ్బులు తగలేయాలా?’ అని అడిగేవాళ్లుంటారు. ప్లాన్ గీసేటప్పుడే పక్కన పదడుగులు వదలడానికి, పైన నాలుగు పైపులు బిగించడానికి పెద్దగా ఖర్చవదు. స్లాబ్ పడ్డాక మార్చాలంటేనే తడిసి మోపెడవుతుంది. రిక్వైర్‌మెంట్స్ ముందే అడగకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా చోటు లేక ఆడట్లేదు, ఆడట్లేదని చోటు పెట్టట్లేదు. ఈ లూప్‌ని ఎక్కడో ఒకచోట బ్రేక్ చేయాలి కదా.

ఎల్ఈడీ వాల్ మీద లడ్డూలు ఎగరేయొచ్చు. ఫోన్లో రోజూ అంతకన్నా మంచి గ్రాఫిక్స్ చూస్తున్నాం, ఎవడూ నోరు తెరవడు. కళ్ల ముందు నిజం లడ్డూ కదిలితేనే హాలంతా గోల చేస్తుంది.

ఒకప్పుడు పదుల్లో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. అవార్డుతో పాటు ఆ నాటకాలకి ఆడే చోటు కూడా కావాలి. పిలిచినా మన హాల్లో ఆడలేని పరిస్థితి ఉంటే గౌరవం మాటల్లోనే ఆగిపోతుంది.

అందుకని రెండు పనులు చేద్దాం. కొత్త హాలు మాట ఎప్పుడొచ్చినా ఎన్ని సీట్లు అని అడిగే ముందు, స్టేజి పక్కన ఎంత చోటు, పైన తెర కట్టే వీలుందా, హార్మోనియం ఎక్కడ అని అడుగుదాం. ఆ హాలు వచ్చేదాకా గ్రౌండ్ ఎలాగూ ఉంది. ఈసారి ఫెస్ట్‌లో డీజేకి పెట్టే బడ్జెట్‌లో కొంత తీసి, దగ్గర ఊళ్లో భారతం ఆడేవాళ్లని ఒక రాత్రికి పిలుద్దాం. ఏం కావాలో వాళ్లనే అడిగి, స్టేజి వాళ్లు చెప్పినట్టే కడదాం.