చోక్ లేని డ్రైవ్ ఎవరి కొంప ముంచుతోంది?





నేను నంద్యాలలో మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. ఇక్కడి బియ్యం మిల్లుల నుంచి, ఆళ్లగడ్డ వైపు రాయి కోసే యూనిట్ల నుంచి నా దగ్గరికి వచ్చే మోటార్లలో డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడిచేవి ఏటేటా పెరుగుతున్నాయి. డ్రైవ్ పెట్టడాన్ని నేను తప్పుపట్టను. బ్లోయర్ వేగం 20 శాతం తగ్గిస్తే అది తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. నా గొడవల్లా చవకగా వస్తుందని చోక్ (లైను కరెంటు ఒక్కసారిగా ఎగరకుండా ఆపే తీగచుట్ట) లేకుండా అమ్మేవాళ్లతోనూ, అడక్కుండా కొనేవాళ్లతోనూ.

డ్రైవ్ లైను నుంచి కరెంటును నిలకడగా తీసుకోదు. లోపలి కెపాసిటర్లు నింపుకోవడానికి వోల్టేజీ పైకి చేరినప్పుడే గుటకలు గుటకలుగా లాగుతుంది. ఆ గుటకల్లో 50 హెర్ట్జ్‌తో పాటు 250, 350, 550, 650 హెర్ట్జ్ కరెంట్లూ ఉంటాయి. ఇవే హార్మోనిక్స్. వీటిలో 250ది మరీ పెంకెఘటం. పక్క యూనిట్లో నేరుగా లైను మీద తిరిగే మోటారును వెనక్కి తిప్పాలని చూస్తుంది. తిప్పలేదు గానీ వేడెక్కిస్తుంది. డ్రైవ్ ఒకరిది, వైండింగ్ ఖర్చు అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంకొకరిది. కాలిన మోటార్లు నాకు గిరాకీయే అనుకోండి, అయినా చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

దీనికి తోడు కెపాసిటర్ల పిచ్చి. పవర్ ఫ్యాక్టర్ తగ్గితే బిల్లు పెరుగుతుందని ప్యానెల్ నిండా బిగిస్తారు. కెపాసిటర్లూ ట్రాన్స్‌ఫార్మరూ కలిసి ఏదో ఒక హార్మోనిక్ దగ్గర రెజొనెన్స్‌లో పడ్డాయంటే ఆ కరెంటు ఎన్నో రెట్లు పెరిగి కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది. తిట్లు మాత్రం లైన్‌మన్‌కు! అసలు డ్రైవ్ మీద నడిచే మోటారుకు కెపాసిటరే అక్కర్లేదు. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య పెడితే డ్రైవే పోతుంది. మిగతా లోడు కోసం కావాలంటే 7 శాతం రియాక్టర్‌తో కలిపి పెట్టుకోవాలి.

చోక్ లేని డ్రైవ్ లాగే కరెంటులో హార్మోనిక్స్ వాటా 80 శాతం దాకా పోవచ్చు. 3 నుంచి 5 శాతం లైన్ చోక్ వేస్తే 40 దగ్గరికి దిగుతుంది. పెద్ద యూనిట్లు హార్మోనిక్స్ ఇంకా తగ్గించే 12 పల్స్ డ్రైవ్‌కో, యాక్టివ్ ఫిల్టర్‌కో వెళ్లాల్సిందే. గ్రిడ్‌కు కలిసే పెద్ద వినియోగదారులకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లోనే హద్దులు పెట్టింది: వోల్టేజీలో 5 శాతం, కరెంటులో 8 శాతం. ఊళ్లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద చేరిన చిన్న డ్రైవ్‌ల హార్మోనిక్స్‌ను కొలిచినవాళ్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

అదనపు లోడు మంజూరు చేసేటప్పుడు డ్రైవ్ ఉందా, చోక్ ఉందా అని దరఖాస్తులోనే అడగాలనీ, ఫిర్యాదులొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఎనలైజర్ పెట్టి ఒకరోజైనా హార్మోనిక్స్ కొలవాలనీ మా విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ అధికారులను కోరుతున్నాను. మిల్లర్లకు కూడా ఒక్క మాట: బేరమాడేటప్పుడు కొటేషన్‌లో మొదట చోక్‌నే కొట్టేయించకండి.

ఇట్లు,
ఒక మోటారు వైండర్,
నంద్యాల