పిట్టకి కాల్షీటు ఎవరిచ్చారు?

ఈ మధ్య మన విద్యార్థిలోకంలో కెమెరా జ్వరం ఒకటి ప్రబలింది. సెల్‌ఫోను చాలదట, చేతిలో ఇమిడే చిన్న జూమ్ కెమెరా కావాలట. నేనూ ఒకటి కొన్నాను. (ధర అడక్కండి, మా నాన్నగారు కూడా ఈ సంచిక చదువుతారు.) చూసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: "జూమ్ ఎంత?" జూమ్ ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. నా వాదమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

జూబ్లీహిల్స్‌లో పిట్టల్ని నేర్చుకునేవాడికి బడి అంటే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కే. ఒకనాటి చిరాన్ ప్యాలెస్ ఆవరణ, 1998లో జాతీయ పార్కయింది. (కెమెరా నిబంధనలు గేటు దగ్గర కనుక్కుని మరీ వెళ్లాలి.) నెమలి సంగతి వదిలేద్దాం, అది ఫిలింనగర్ హీరోలాగా ఎవరు తీసినా బాగానే వస్తుంది. అసలు పరీక్ష తేనెపిట్ట. నీడలో మగపిట్ట బొగ్గుముక్కే. ఎండ సరైన కోణంలో పడితే గాని ఆ ఊదా మెరుపు బయటికి రాదు.

ఈ చిన్న కెమెరాల్లో బొమ్మ పడే సెన్సార్ చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. జూమ్ లాగినకొద్దీ వెలుగు తగ్గుతుంది; చెట్టునీడన తీస్తే బొమ్మనిండా ఇసుక చల్లినట్టు గరుకు. పోనీ పొద్దెక్కాక తీద్దామా అంటే, మన బండరాళ్లు వేడెక్కి పైన గాలి ఆడుతుంది, దూరపు పిట్ట నీళ్లలో నీడలా వణుకుతుంది. ఇక మిగిలేది సూర్యోదయమయ్యాక గంటా, రెండు గంటలు. వీపు ఎండకి పెట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు. అది పిట్టని దగ్గరికి తేదు, బొమ్మని సాగదీస్తుంది, అంతే.

ఇంత ఓపిక కొందరికి ఉండదు. ఫోనులో పిట్టకూత పెట్టి పిలుస్తారు. తన హద్దులోకి పోటీదారు వచ్చాడనుకుని మగపిట్ట మేత మాని, గూడు వదిలి ఎగిరొస్తుంది. ఫొటో బ్రహ్మాండం! ఇంకొందరు గూడు కనబడాలని అడ్డొచ్చిన రెమ్మలు విరుస్తారు. పిల్లలకి ఎండనుంచీ కాకులనుంచీ మరుగు ఆ రెమ్మలే. సినిమావాళ్ల వీధుల్లో తిరిగి తిరిగి మనకీ దర్శకత్వం పూనినట్టుంది. వాళ్లు డబ్బిచ్చి, ఒప్పించి నటింపజేస్తారు. పిట్టకి కాల్షీటు ఎవరిచ్చారు?

"1930ల మొదట్లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో సర్వే చేసినప్పుడు పిట్టల్ని తుపాకీతో కొట్టి నమూనాలు సేకరించలేదా? మా ఫోను కూత ఏపాటి?" అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. ఆ రోజుల్లో పిట్టని చేతిలోకి తీసుకుని కొలిస్తే గాని తేలని సంగతులెన్నో. ఇవాళ దూరంనుంచే ఈక ఈకా చూపించే అద్దం మన చేతిలో ఉంది. అది కొన్నదే దూరంగా నిలబడ్డానికి. ఆ సాకు మనకి చెల్లదు.

దసరానాడు పాలపిట్టని చూడడం మన ఆచారం. తెలంగాణ రాష్ట్రపక్షి కూడా అదే. దాన్ని పంజరంలో పెట్టి డబ్బుకి చూపించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని అందరం గట్టిగా ఖండిస్తాం. మరి కూతపెట్టి రప్పించిన పిట్ట ఎంత స్వేచ్ఛగా వచ్చినట్టు?

పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగు. రెక్క విప్పితేనే ఆ నీలం. ఎప్పుడు విప్పాలో దానిష్టం. మూడు ఆదివారాలు కూర్చున్నాను. నా దగ్గర ఇప్పటికి ఉన్నవన్నీ తీగమీది మట్టిరంగు పిట్టలే. అందులో ఒకటి ఈ సంచికకి ఇచ్చాను, సంపాదకులు వేస్తే చూడండి.