ఉక్కు ఎముకల ఇల్లు

కొత్త ఇల్లు చూడబోయినప్పుడు మనవాళ్ళు ముందుగా చేసే పని ఒకటుంది. గోడ మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వింటారు. చప్పుడు మొద్దుగా వస్తే గట్టి ఇల్లు, డొల్లగా వస్తే బొమ్మరిల్లు. అక్కడితో తీర్పు అయిపోతుంది. ఉక్కు చట్రం నిలబెట్టి, దానికి ఇరువైపులా పలకలు బిగించి కట్టే ఇళ్ళు ఈ పరీక్షలో తప్పక తప్పుతాయి. "ఇదేం ఇల్లండీ, రేకుల డబ్బా!" అనేసి పెద్దలు కాఫీకి లేస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉక్కు చట్రపు ఇల్లు మంచి పద్ధతే, మనకు పనికివచ్చే పద్ధతే. అయితే దానికి పెట్టవలసిన పరీక్ష వేలి కణుపులది కాదు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఇంటి గోడ ఒకటి పాడైతే, బాగుచేసే మనిషి మన ఊళ్ళో దొరుకుతాడా? అసలు పరీక్ష అది. ఈ పద్ధతిని పొగిడేవారూ తెగిడేవారూ కూడా ఈ ప్రశ్న దగ్గరకు రావడం లేదన్నదే నా బాధ.

ముందు పద్ధతి ఏమిటో చూద్దాం. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది మనం సినిమా హాళ్ళకూ గోదాములకూ వాడే బరువైన ఉక్కు స్తంభాలూ దూలాలూ. రెండవది ఇళ్ళకోసం ప్రత్యేకంగా వచ్చిన పల్చని ఉక్కు. జింకు పూత పూసిన ఉక్కురేకును, సాధారణంగా మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్నదాన్ని, వేడి చేయకుండానే యంత్రంలో మడిచి, కాలువ ఆకారంలో కడ్డీలుగా చేస్తారు. గోడలో ఈ కడ్డీలను 400 నుంచి 600 మిల్లీమీటర్ల ఎడంతో నిలబెట్టి మరలతో బిగిస్తారు. బయట సిమెంటు పలక, లోపల జిప్సం పలక, నడుమ వేడినీ చప్పుడునీ ఆపే రాక్‌వూల్ వంటి పదార్థం. ఇటుక లేదు, తడి పని దాదాపు లేదు.

ఇదేదో పరాయి ఊహ అని కొట్టిపారేసేవారికి మన పూరిపాకను గుర్తుచేయాలనిపిస్తుంది. నడుమ నిట్టాడు, చుట్టూ గుంజలు, పైన వాసాలు. ఇంటి బరువంతా వాటిది. తడిక ఒట్టి తెర, దానిమీద మట్టి మెత్తితే గోడ. తడిక చివికితే కొత్తది కట్టుకున్నాం గాని, ఇల్లు పడిపోయిందని ఎవరూ ఏడవలేదు. మండువా లోగిలిలో నడవా కప్పును మోసిందీ కొయ్య స్తంభాలే. అంతెందుకు, ఈనాడు మనం "పక్కా" అని మురిసిపోయే పిల్లర్ల ఇల్లు కూడా చట్రపు ఇల్లే. భారం పిల్లర్లది, బీములది. మధ్యలో కట్టిన ఇటుక గోడ తనను తాను మోసుకుంటుంది, అంతే. వేలితో తట్టి మనం మెచ్చుకుంటున్నది ఇంటిని నిలబెట్టని గోడను!

ఇక లాభాల సంగతి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పూతతో కలిపి, చదరపు మీటరుకు 450 కిలోల పైచిలుకే తూగుతుంది. పల్చని ఉక్కు గోడ పలకలతో సహా సాధారణంగా 100 కిలోల లోపే. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి నేలల్లో పునాదులతో ఎన్ని తిప్పలు పడతామో తెలిసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది. భూకంపం వచ్చినప్పుడు ఇంటిని కుదిపే బలం దాని బరువును బట్టే ఉంటుంది కనుక, తేలిక ఇల్లు అక్కడా మేలు. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాలలో ఆరు కొత్త పద్ధతులతో ఇళ్ళకు శంకుస్థాపన చేసినప్పుడు, పల్చని ఉక్కు చట్రపు పద్ధతిని అగర్తలాలో 1,000 ఇళ్ళకు ఎంచుకున్నది. త్రిపుర మన దేశంలో భూకంప ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఒకటి.

నీటి సంగతి, ఇసుక సంగతి వేరే చెప్పనక్కరలేదు. స్లాబు వేసి రోజుల తరబడి తడపడం ఎండాకాలంలో ఎంత కష్టమో ఇల్లు కట్టినవారినడగండి. 2019లో ఇసుక కొరత వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పనులు ఆగిపోయి తాపీ మేస్త్రీలూ కూలీలూ పడిన అవస్థ మనం చూసిందే. ఒకే పదార్థానికి, ఒకే పద్ధతికి ఒక రాష్ట్రపు గృహనిర్మాణమంతా కట్టుబడి ఉండడం క్షేమం కాదు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఉక్కు కొయ్యకంటే వందల రెట్లు వేగంగా వేడిని లోపలికి తెస్తుంది. గోడలో వేడిని ఆపే పొర లోపిస్తే, రెంటచింతల ఎండలో ఆ ఇంట్లో ఉండలేం. 500, 600 డిగ్రీల మధ్య ఉక్కు తన బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది కనుక, మంటకు తట్టుకునే పలకలు తప్పనిసరి. సముద్రపు గాలి జింకు పూతను తినేస్తుంది. తేలిక అన్న గుణమే తుఫానులో దోషమవుతుంది, ఇంటిని పునాదికి గట్టిగా కట్టివేయకపోతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతిన్నది. మామూలు రేకుల ఇళ్ళ గతి చెప్పాలా? అయితే ఇవన్నీ ఇంజనీరుకు పరిష్కారం తెలిసిన లోపాలు. డబ్బు పెట్టి, శ్రద్ధ పెట్టి సరిచేయదగ్గవి.

నన్ను కలవరపెట్టేది వేరు. మన ఇల్లు ఒకనాటికి పూర్తయ్యేది కాదు. ముందు రెండు గదులు వేస్తాం, కూతురి పెళ్ళికి వరండా మూస్తాం, కొడుకు ఉద్యోగంలో కుదిరాక మేడ లేపుతాం. గోడ తొలిచి పైపు వేస్తాం, మేకు కొడతాం, అటక దించుతాం. ఇవన్నీ చేసిపెట్టే తాపీ మేస్త్రి వీధి చివరే ఉంటాడు. మా బంధువులొకరు పాత మేడ మీద బరువు పడకూడదని ఈ ఉక్కు పద్ధతిలో పై అంతస్తు వేయించారు. నెలన్నరలో పని ముగిసింది, గదులు చక్కగా ఉన్నాయి. ఏడాది తిరిగాక స్నానాల గదిలో గీజరు బిగించాలన్నారు. ప్లంబరు వచ్చి గోడ తట్టి చూసి, కడ్డీ ఎక్కడుందో, తీగలు ఎక్కడున్నాయో తెలియక, "నా వల్ల కాదండీ, పడిపోతే నా మీదికొస్తుంది" అని వెళ్ళిపోయాడు. కట్టినవారు నకషా ఇవ్వలేదు. ఫోను ఎత్తలేదు. గీజరు చివరికి పాత అంతస్తులోనే ఇటుక గోడకెక్కింది. చిన్న విషయమే. కానీ ఆ ఇంటి యజమానికి తన గోడలో ఏముందో తెలియదు. ఇది చిన్న విషయమేనా?

చరిత్రలో దీనికి రెండు ఉదాహరణలు కనిపిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో ఇళ్ళ కొరత తీర్చడానికి లస్ట్రాన్ అన్న సంస్థ ఒహాయో రాష్ట్రపు కొలంబస్‌లో, ప్రభుత్వ రుణాలతో, ఎనామిల్ పూసిన ఉక్కు పలకల ఇళ్ళు తయారుచేసింది. సుమారు 2,500 ఇళ్ళు కట్టి 1950లో దివాలా తీసింది. ఇళ్ళు గట్టివే, కొన్ని నేటికీ ఉన్నాయి. అయితే ఒక పలక పాడైతే మరొకటి చేసిచ్చే కర్మాగారం లేదు. కూల్చివేసిన మరో లస్ట్రాన్ ఇంటి నుంచి తెచ్చుకోవలసిందే. అదే కాలంలో బ్రిటన్‌లో ఉక్కు పరిశ్రమల సమాఖ్య పేరిట సుమారు 36,000 ఉక్కు చట్రపు ఇళ్ళు లేచాయి. నమూనా గీసినవాడు ఫ్రెడరిక్ గిబ్బర్డ్. వాటిలో చాలా ఇళ్ళలో నేటికీ కాపురాలున్నాయి. వాటి ఎముకలు మామూలు ఉక్కు స్తంభాలే కనుక, పైతొడుగు పాడైతే ఊడదీసి కొత్తది తొడగడం స్థానిక పనివారికి సాధ్యమైంది. అయినా మామూలు పద్ధతి కాదన్న కారణంగా వాటిమీద రుణమివ్వడానికి అక్కడి సంస్థలు కొన్ని వెనుకాడుతూనే వచ్చాయి. ఉక్కు రెండుచోట్లా ఉక్కే. తేడా అల్లా, ఒకటి కంపెనీ చేతిలో ఉండిపోయింది, రెండవది ఊరి చేతికి వచ్చింది.

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చిన జాతి మనది. ఉక్కు ఇల్లు మనకు సహజంగా అమరాలి కదా అనిపిస్తుంది. కానీ విశాఖ కర్మాగారం ప్రధానంగా చేసేది కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్ళు, చానళ్ళు. పల్చని చట్రానికి కావలసిన రేకుచుట్ట అక్కడిది కాదు. మన మండల కేంద్రాలన్నిటిలో గ్రిల్లులూ షట్టర్లూ చేసే వెల్డింగు షాపులున్నాయి నిజమే, కానీ జింకు పూత రేకును వెల్డింగు చేస్తే పూత మాడి, తుప్పు అక్కడే మొదలవుతుంది. అంటే ఉన్న నేర్పు ఉన్నట్టుగా పనికిరాదు. కొత్తగా నేర్పాలి.

కనుక నేను కోరేది ఇదీ. ఉక్కు ఇల్లు అమ్మేవారు, కడ్డీలూ తీగలూ పైపులూ ఎక్కడున్నాయో చూపే నకషాను ఇంటి తాళంతో పాటే యజమానికి ఇవ్వాలి. పలకలూ మరలూ బజారులో దొరికే కొలతలలోనే ఉండాలి. ఐటీఐలలో తాపీపని, వడ్రంగం సరసన ఈ పని నేర్పాలి. ముఖ్యంగా, ప్రభుత్వం పేదల కాలనీలలో ఈ పద్ధతి పెట్టదలిస్తే, ఆ ఊరి పనివారిని కట్టేటప్పుడే పనిలో పెట్టుకుని నేర్పించాలి. ఉన్నవాడు మరమ్మతుకు నగరం నుంచి మనిషిని పిలిపించుకోగలడు. కాలనీ ఇంట్లో ఉండేవాడు పగిలిన పలకకు గోనెపట్టా కట్టుకుంటాడు. ఆ పట్టాను చూపించి, "చూశారా, ఉక్కు ఇళ్ళు మనకు పనికిరావు" అని మళ్ళీ మనమే అంటాం.

పూరిపాక గట్టిది కాదు. కానీ దాన్ని కట్టే విద్య ఊరందరిదీ. ఈ ఉక్కు ఇల్లు గట్టిది, తేలికైనది, త్వరగా లేచేది. దాని విద్య కూడా ఊరిదైన రోజున నేను నిస్సంకోచంగా అందులో గృహప్రవేశం చేస్తాను. మీ ఊళ్ళో ఇటువంటి ఇల్లు ఉంటే, ఉండేవారి అనుభవం కనుక్కుని చెప్పండి. గోడ మాత్రం తట్టి చూడకండి.