ఆదివారం పందెం, సోమవారం బడి

కొత్త చెప్పులు కొనేటప్పుడు నాలుగు జతలు తొడిగి, నాలుగడుగులు నడిచి చూసి, కరుస్తాయేమోనని పదిసార్లు అడిగి గాని మనం డబ్బు తీయము. అదే కారుకు టైర్లు కొనవలసి వచ్చినప్పుడు దుకాణంవాడు ఏది చూపితే దానికి తల వూపి వచ్చేస్తాము. నల్లగా, గుండ్రంగా వుంటే టైరే కదా అనుకుంటాము. పెద్దవాళ్ల పద్ధతి ఇది. కుర్రవాళ్ల పద్ధతి ఇంకొక రకం. వాళ్లకు టైరు వెడల్పుగా, రిమ్ము తళతళలాడుతూ వుండాలి. ఈ రెంటికీ మధ్య మార్గం ఒకటున్నదని చెప్పడానికే ఈ వారం ఈ నాలుగు మాటలూ.

ఈ మధ్య మన కుర్రవాళ్ల నోట ‘ఆటోక్రాస్’ అనే మాట తరచుగా వినబడుతున్నది. తెలియనివారి కోసం ముందుగా అదేమిటో చెబుతాను. విశాలమైన ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి వంకరటింకర దారి ఒకటి ఏర్పాటు చేస్తారు. కార్లన్నీ ఒకేసారి పరుగెత్తడం వుండదు. ఒక్కొక్క కారూ విడిగా ఆ దారి చుట్టి రావాలి. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. 1944లో పుట్టిన ‘స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా’ దీనికే ‘సోలో’ అని పేరు పెట్టింది. 2009లో దాని జాతీయ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణానికి మారాయి. అక్కడ ఒక కోను తగిలిందంటే మీ లెక్కకు రెండు సెకన్లు కలుపుతారు. గెలుపు ఓటములు తేలేది సెకనులో పదోవంతు, నూరోవంతు తేడాలతో గనుక, రెండు సెకన్లంటే కొంప మునిగినట్టే.

ఈ ఆటకు ప్రత్యేకమైన పందెపు కారు అక్కరలేదు. ఇంట్లో వున్న కారే చాలు. అసలు చిక్కంతా అక్కడే వున్నది.

మనలాంటి ఇళ్లలో కారు ఒక్కటే వుంటుంది. ఆదివారం కోన్ల మధ్య గిరగిర తిరిగిన ఆ కారే సోమవారం పొద్దున్న పిల్లలను బడికి దింపాలి. బుధవారం బోధన్‌లో పెళ్లికి ఇంటిల్లిపాదినీ మోయాలి. అర్ధరాత్రి ఎవరికైనా ఆయాసం వస్తే నిజామాబాద్ ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏడాదిలో పందెం నాలుగు రోజులైతే మిగిలిన మూడువందల అరవై రోజులూ సంసారం. టైరు ఎన్నుకునేటప్పుడు ఈ లెక్క మరిచిపోకూడదు.

టైరు సంగతి మన చెరుకు ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ కట్టారు. ఆ నీటి బలంతో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది గాని, దాని గేటు ముందు బారులు తీరిన బండ్లను చూసినవారు ఇంకా మన మధ్య వున్నారు. ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రం రేగడిలో కత్తిలా దిగబడిపోయేది. టైరుబండి వచ్చిన తరువాత అవే ఎడ్లు అంతకన్న ఎక్కువ బరువును సులువుగా లాగాయి. ఎద్దు మారలేదు, దారి మారలేదు. మారిందల్లా నేలను తాకే చోటు. ఆటోక్రాస్ విద్య అంతా ఈ ఒక్క ముక్కలోనే వున్నది.

కారు ఎంత పెద్దదైనా ఒక్కొక్క టైరు నేలను తాకేది సుమారు అరచేయి వెడల్పు చోటులోనే. నాలుగు అరచేతుల మీద మీ కుటుంబమంతా ప్రయాణం చేస్తున్నదన్నమాట. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వేగం పెంచినా పని చేయవలసింది ఆ నాలుగు అరచేతులే. మెత్తని రబ్బరు రోడ్డు మీది గరుకులోకి సర్దుకుని గట్టిగా పట్టుకుంటుంది, కాని త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, కాని పట్టు తక్కువ. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే పూర్తిగా దొరకవు. ఏది ఎంత కావాలో తేల్చుకోవడమే టైరు ఎన్నిక.

అమెరికాలో అమ్మే కార్ల టైర్ల మీద ఈ మన్నికను తెలిపే అంకె ఒకటి ముద్రిస్తారు. ప్రమాణంగా పెట్టుకున్న టైరుకు 100. పరీక్షలో దానికి రెండింతలు మన్నితే 200. అక్కడి సోలో పోటీల్లో మామూలు వీధి కార్ల తరగతికి 200కు తగ్గిన టైరు పనికిరాదని నిబంధన. అందుచేత సరిగ్గా 200 అంకెతో, పందెపు టైరుకు పినతల్లి కొడుకులాంటి టైర్లను కంపెనీలు తయారుచేస్తున్నాయి. అయితే ఆ అంకె వేసుకునేది ఎవరి కంపెనీకి వారే గనుక, ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ అంకెతో పోల్చి మురిసిపోవడం మంచిది కాదు. పైగా అటువంటి టైర్లు మన చిన్న కార్ల 14 అంగుళాల రిమ్ములకు దొరకడం అరుదు. దొరికినా త్వరగా అరుగుతాయి, చప్పుడు చేస్తాయి. వాటి మీద రోజూ ఆఫీసుకు వెళ్లడమంటే పట్టుచీర కట్టుకుని అంట్లు తోమడమే.

మరి మనం చేయవలసిందేమిటి?

మొదట, పోటీ ఏ నేల మీదో కనుక్కోండి. అమెరికాలో ఈ ఆట తారు మీదనో కాంక్రీటు మీదనో జరుగుతుంది. మన దేశంలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా మట్టి నేల. తారు మీద పక్కగోడ గట్టిగా వున్న టైరు మేలు, మలుపులో ఒరిగిపోదు. మట్టి మీద గాళ్లు లోతుగా, ఎడంగా వుండాలి. ఇక తడిసిన రేగడి సంగతా? అది గాళ్లన్నిటినీ ఒక్క చుట్టులో పూడ్చివేసి, ఏ కంపెనీ టైరునైనా నున్నటి గుండుగా మార్చేస్తుంది. అటువంటి రోజున కారును ఇంట్లో వుంచి పకోడీలు తినడం వివేకం.

రెండవది, సైజు. టైరు పక్కన 165/80 ఆర్ 14 85 టి అని వున్నదనుకోండి. 165 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులని. ఆర్ అంటే రేడియల్ రకం. 14 రిమ్ము అంగుళాలు. 85 అనేది బరువు గుర్తు, ఒక్కొక్క టైరు 515 కిలోలు మోయగలదని అర్థం. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. మారుతి స్విఫ్టులో తక్కువ ఖరీదు రకాలకు ఈ సైజు టైరు, ఎక్కువ ఖరీదు రకాలకు 185/65 ఆర్ 15 వచ్చాయి. లెక్క వేసి చూడండి. రెండు చక్రాల మొత్తం ఎత్తూ 62 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కాని రెండవదానికి వెడల్పు 2 సెంటీమీటర్లు ఎక్కువ, పక్కగోడ 13.2 నుంచి 12 సెంటీమీటర్లకు తగ్గింది. మలుపులో పట్టు పెరిగింది, గుంతలో కుదుపూ కొంచెం పెరిగింది. మీ కారుకు కంపెనీవారే అనుమతించిన పెద్ద సైజు వుంటే అంతవరకు వెళ్లండి. అంతకు మించి వెడల్పు పెంచితే చక్రం మడ్‌గార్డుకు రాసుకోవచ్చు, స్టీరింగు బరువెక్కవచ్చు. బరువు గుర్తు తగ్గిన టైరును మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. పెళ్లికి అయిదుగురూ పెట్టెలూ ఎక్కేది దాని మీదనే.

మూడవది, వయసు. టైరు పక్కన ‘డి.ఓ.టి.’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2324 అని వుంటే 2024వ సంవత్సరం 23వ వారంలో పుట్టినదని. కొత్త టైరే అని చెప్పి మూడేళ్లుగా అటక మీద వున్నది అంటగడితే ఈ నాలుగంకెలు పట్టిస్తాయి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి. గాళ్లు ఎంత వున్నా పదేళ్లు నిండితే తీసివేయమని చాలా కంపెనీలు చెబుతున్నాయి. మన ఎండలకు రబ్బరు ముందే బీటలు వారుతుంది. పగుళ్లు కనబడితే అన్నేళ్లు ఆగనక్కరలేదు.

ఇక్కడ కుర్రవాళ్లకు ఒక రహస్యం తెలుసు. అది పెద్దలకూ తెలియాలి. ఎండిన తారు మీద సగం అరిగిన టైరు కొత్తదానికన్న గట్టిగా పట్టుకుంటుంది. గాళ్ల మధ్య దిమ్మెలు పొట్టివి కావడం వల్ల అటూ ఇటూ వూగవు. అందుచేత, ‘ఈ టైర్లతోనే టైము బాగా వస్తున్నది, ఇంకో ఏడాది లాగిద్దాం బాపూ’ అనిపిస్తుంది. జూన్‌లో మొదటి వాన పడేదాకా అంతా బాగానే వుంటుంది. నీటిని పక్కలకు నెట్టేది ఆ గాళ్లే. అవి లేకపోతే టైరు నీళ్ల మీద తేలుతుంది, స్టీరింగు తిప్పినా కారు వినదు. ట్రాక్టర్లు పొలం నుంచి మోసుకొచ్చిన రేగడి మట్టి వాన చినుకుకు తారు మీద వెన్నలా పరుచుకున్నప్పుడు ఎడపల్లి దారిలో ఏమవుతుందో వూహించుకోండి. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా ఒప్పుకుంటుంది. సంసారి మాత్రం అందాకా ఆగకూడదు. కొత్త టైర్లు రెండే కొంటే వాటిని వెనక వేయించండి. ముందు జారితే కారు తిన్నగా పోతుంది, వెనక జారితే గిర్రున తిరుగుతుంది. రెండవదాన్ని సర్దుకోవడం ఇంట్లో ఎవరి తరమూ కాదు.

నాలుగవది, గాలి. అన్నిటికన్న చవకైనదీ, అందరూ మరిచిపోయేదీ ఇదే. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఎన్ని పాయింట్లు వుండాలో రాసి వుంటుంది. అది చల్లని టైరు లెక్క. ప్రతి అయిదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో పొద్దుటికీ మధ్యాహ్నానికీ మూడు పాయింట్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. పందెం రోజున ఒక సుద్దముక్క తీసుకువెళ్లండి. టైరు నేలను తాకే అంచు నుంచి పక్కగోడ మీదికి గీత గీసి ఒక చుట్టు తిరిగి రండి. గీత పక్కగోడ మీద దాకా చెరిగితే టైరు ఒరుగుతున్నది, రెండు పాయింట్ల గాలి పెంచండి. అంచు దాకా కూడా చెరగకపోతే కాస్త తగ్గించండి. వేలు పోసి కొన్న టైరు ఇవ్వని మెరుగు ఈ సుద్దముక్క ఇస్తుంది. పోటీ అయ్యాక టైర్లు చల్లబడనిచ్చి, చీటీలో వున్న లెక్కకు గాలి సరిచేయించిన తరువాతనే ఇంటిదారి పట్టండి.

పందెపు కార్లకే ఈ నియమాలన్నీ వర్తించవు కదా అనుకుంటారేమో. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్లు సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో పరుగెత్తాయి. వాటికి హాంకూక్ కంపెనీ ఇచ్చినవి నున్నటి పందెపు టైర్లు కావు. మన టైర్లలాగే గాళ్లున్నవి, ఎండకూ వానకూ ఒక్కటే. ప్రపంచ పోటీకే రెండు ఋతువులకూ పనికివచ్చే టైరు చాలినప్పుడు మన ఆదివారానికి చాలదా?

ఇంటి పెద్దలు అడగవలసిన ప్రశ్న ఇంకొకటున్నది. కారు బీమా కాగితం తీసి ఒకసారి చదవండి. మామూలు ప్రైవేటు కారు పాలసీలో పందేలూ, వేగపు పరీక్షలూ మినహాయింపుల్లో వుంటాయి. అక్కడ దెబ్బ తగిలితే ఖర్చు మీదే. అందుచేత గుర్తింపు వున్న క్లబ్బు, హెల్మెట్టు, ఖాళీ స్థలం వుంటేనే అబ్బాయిని పంపండి. బైపాసు మీద స్నేహితులతో పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి దొరికితేనే మూడు నెలల దాకా జైలో, అయిదు వేల దాకా జుర్మానానో, రెండూనో.

ఇంతా చెప్పి ఆ ఆట వద్దనడం లేదు. బ్రేకు ఎంత గట్టిగా వేస్తే టైరు జారుతుందో, ఎంత వేగంలో పట్టు వదులుతుందో ఖాళీ మైదానంలో కోన్ల మధ్య నేర్చుకున్నవాడు రోడ్డు మీద మంచి డ్రైవరవుతాడు. టైర్లకు పెట్టే డబ్బులో కొంత అటువంటి సాధనకు పెట్టినా నష్టం లేదు. కాని దుకాణంలో టైరు చూసేటప్పుడు, ‘దీని మీద టైము ఎంత వస్తుంది?’ అని కాక, ‘వానలో బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది?’ అని అడగమనండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మైదానంలో అర సెకను పోతే ఒక కప్పు పోతుంది. రోడ్డు మీద అర సెకను అంటే ఎనిమిది మీటర్లు. గేదెకూ మన బానెట్టుకూ మధ్య వుండవలసిన దూరం అది.