సుబ్బారావు కష్టాలు సరే, పని ఏదీ?

యల్లాప్రగడ సుబ్బారావు మీద తెలుగులో వచ్చే వ్యాసం ఏది తెరిచినా వరస ముందే చెప్పేయొచ్చు. 1895లో భీమవరంలో పుట్టడం, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కడం, ఖద్దరు కట్టినందుకు మద్రాసులో ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టడం, హార్వర్డ్‌లో అన్యాయం, రాని నోబెల్, 1948లో మరణం. చివర్న డోరన్ ఏంట్రిమ్ అనే అమెరికన్ రాసిన ఆ వాక్యం. కళ్ళు తుడుచుకుని షేర్ చేసేస్తాం. ఆయన చేసిన పని మాత్రం మధ్యలో ఒక్క లైను: ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, హెట్రజాన్. కిరాణా చీటీ.

నా గొడవ ఆ చీటీతోనే.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన అచ్చువేసింది ఒక కొలిచే పద్ధతి. ద్రవంలో ఫాస్ఫేట్ ఎంతుందో రంగుతో పట్టుకోవడం. మోలిబ్డేట్ కలిపి ఇంకో రసాయనం చేరిస్తే నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కానీ కండరం నుంచి తీసిన రసంలో ఆ నీలం రావాల్సినంత త్వరగా రాలేదు, మెల్లగా ముదిరింది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవాళ్ళు. (ఎప్పుడో ఓసారి వచ్చే ఎర్రర్‌ని రీస్టార్ట్ కొట్టి మర్చిపోయే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ టెంప్టేషన్ బాగా తెలుసు.) వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకు వేలాడారు. కండరంలో ఫాస్ఫేట్ క్రియాటిన్‌తో జతకట్టి ఉందని, ఆ జత ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతోందని తేల్చారు. కండరం పనిచేస్తే అది విరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ కడుతుంది. 1927లో ప్రకటించారు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమే అన్న నమ్మకం అక్కడినుంచే బీటలు వారింది. 1929లో ఏటీపీ.

ఇదంతా ఒక్క మనిషి ఘనత కాదు. ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులు అదే ఫాస్ఫేట్ సంగతి అదే రోజుల్లో చూశారు. జర్మనీలో లోమన్ అదే 1929లో ఏటీపీ దగ్గరికి చేరాడు. మన వ్యాసాల్లో వీళ్ళెవరూ కనపడరు. కనపడితే 'మనవాడి నోబెల్ ఎత్తుకుపోయారు' అన్న కథ పల్చబడుతుంది కదా.

తర్వాత 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా కలిసి మయోసిన్ అనే ప్రోటీను ఏటీపీని విరగ్గొడుతుందని చూపించారు. ఆ తర్వాత హంగరీలోని సెగెద్‌లో సెంట్-గ్యోర్గి ల్యాబులో స్ట్రౌబ్ ఆక్టిన్‌ని విడదీశాడు. ఆ రెండు ప్రోటీన్లతో చేసిన పోగులకి ఏటీపీ తగిలితే ముడుచుకుపోయాయి. ఆక్టిన్, మయోసిన్ కండరంలోనే కాదు, మామూలు కణాల్లోనూ ఉంటాయని ఆనక తెలిసింది. కణం పాకడం, రెండుగా చీలడం ఆ పోగుల చట్రం వల్లే. సైటోస్కెలిటన్ అంటారు దాన్ని. దాన్ని కదిలించే మయోసిన్‌కి ఇంధనం భీమవరం మనిషి చెయ్యి పడిన ఆ ఏటీపీయే.

ఇది అర్థం కావడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఆకివీడులోనో కైకలూరులోనో ఐసు పెట్టెలకెక్కే శీలావతిని, బొచ్చెని పట్టుకుని చూడండి. చచ్చిన కాసేపటికి కర్రలా బిగుసుకుంటుంది. ఏటీపీ ఉంటేనే కండరం లాగుతుందని మనం అనుకుంటాం. వదలడానికీ అదే కావాలి. చేపలో ఏటీపీ అయిపోయాక మయోసిన్ ఆక్టిన్‌ని పట్టుకుని ఇక వదల్లేదు. కొల్లేరు చుట్టూ బతికే మనకి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉందా? నేను చదివిన సుబ్బారావు వ్యాసాల్లో ఒక్కదాంట్లోనూ ఈ చేప లేదు.

సాహిత్య పత్రికలో బయోకెమిస్ట్రీ ఏంటండీ, పాఠకుడికి ఎక్కదు అంటారు. నండూరి రామమోహనరావు 'నరావతారం' రాసింది ఈ భాషలోనే కదా. ఎక్కకపోవడం పాఠకుడి సమస్య కాదు, రాసేవాళ్ళ బద్ధకం. అన్యాయం గురించి రాయడానికి ఏమీ నేర్చుకోనక్కర్లేదు, గొంతు జీరపోతే చాలు. నీలం గురించి రాయాలంటే ఓ వారం కూర్చుని చదవాలి.

దీనివల్ల నష్టపోయేది తాడేపల్లిగూడెంలో బైపీసీ చదివే పిల్ల. ఆమెకి ఏటీపీ ఎంట్రన్స్ బిట్టు, సుబ్బారావు కూడలిలో విగ్రహం. రెండింటికీ మధ్య ఒక మనిషి టెస్ట్‌ట్యూబు ముందు కూర్చుని ఇదేంటి ఇలా వచ్చింది అనుకున్న క్షణం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఖద్దరు కథ చెప్పారు. శాస్త్రవేత్త కావాలంటే ముందు బాగా ఏడవాలేమో అనుకుంటుంది.

జనవరి 12 వస్తే మళ్ళీ వ్యాసాలు వస్తాయి. ఆ నీలం ఎందుకు ఆలస్యమైందో చెప్పే పేరా ఒక్కటి ఉన్నది ఎక్కడైనా కనిపిస్తే నాకు లింకు పంపండి. నోబెల్ ఊసు లేకపోయినా పర్లేదు.