నాటకాల పిచ్చి

మొన్న సాయంత్రం పక్కింటి పిన్నిగారు దిగులుగా వచ్చి కూర్చున్నారు. వాళ్ళ రెండోవాడు చదువు గాలికొదిలి నాటకాల రిహార్సళ్ళంటూ తిరుగుతున్నాడట. "నాలుగక్షరాలు రాకపోతే వాడి గతేం కానమ్మా?" అని ఆవిడ బాధ. కాఫీ ఇచ్చి ఓదార్చాను. నాకు బి. వి. కారంత్ గుర్తుకొచ్చారు.

కన్నడంలో కారంతులు ఇద్దరున్నారు లెండి. నవలలు వ్రాసిన శివరామ కారంత్ వేరు. నేను చెప్పేది బాబుకోడి వెంకటరమణ కారంత్ సంగతి. దక్షిణ కన్నడ జిల్లాలో 1929లో పుట్టాడు. మూడో తరగతిలో మొహానికి పూసుకున్న రంగు మరి వదల్లేదు. ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణగారి నాటకం కంపెనీలో చేరాడు. మన పిల్లవాడైతే కొంప మునిగిందనుకోమూ?

కాని వీరణ్ణగారు చేసిన పని చూడండి. కుర్రవాడి తెలివి కనిపెట్టి, ఎం. ఏ. చదువుకు కాశీ పంపించారు! అక్కడే ఓంకారనాథ్ ఠాకూర్ గారి దగ్గర హిందూస్థానీ సంగీతం అబ్బింది. పిమ్మట ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల. 1962లో అందులోనుంచి పట్టంతో బయటపడ్డాడు.

పాట, నటన, దర్శకత్వం, సినిమా — అన్నింటిలోనూ చేయి పెట్టినవాళ్ళు చాలామందే వుంటారు. కారంత్ విషయంలో విశేషమేమంటే, ఆయనకు అవన్నీ వేరువేరు కావు. మన పద్యనాటకాల్లో కథ ఆగిపోయి, హార్మోనియం అందుకుని, వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు నడిచేవి కదూ? కంపెనీలో పెరిగిన కారంత్‌కు ఆ రుచి తెలుసు. అయినా ఆయన పాట కథను ఆపదు, నడిపిస్తుంది. రాళ్ళ చప్పుడు, వెదురుకర్రల చప్పుడు, నటుడి గొంతులో కూనిరాగం — రంగస్థలం మీద వినపడేదంతా ఆయనకు సంగీతమే. గిరీష్ కర్నాడ్ 'హయవదన', కంబార్ 'జోకుమారస్వామి' అలాగే ప్రాణం పోసుకున్నాయి. 1979లో మాక్‌బెత్‌ను హిందీలో, యక్షగానం ఫక్కీలో ఆడించాడు. షేక్‌స్పియర్ దొరగారు యేమనేవారో గాని, వీధి భాగవతాలు యెరిగిన మనకేం కొత్త?

సినిమాకూ ఆ చెవే తీసుకెళ్ళాడు. భైరప్ప నవల 'వంశవృక్ష'ను కర్నాడ్‌తో కలిసి తీశాడు. ఆ కథనే 1980లో బాపుగారు తెలుగులో తీశారు. 1975లో వచ్చిన 'చోమన దుడి' కారంత్ ఒక్కడే తీసినది, నవల ఆ రెండో కారంత్‌గారిదే. చోముడు అంటరానివాడని ముద్రపడిన పాలేరు. సొంతంగా ఇంత నేల దున్నుకోవాలని ఆశ. కులం అడ్డం. ఆ కోపమూ యేడుపూ అతని నోట రావు, దుడి అనే డప్పు మీద పలుకుతాయి. ఆ చిత్రానికి స్వర్ణకమలం వచ్చింది. చోముడుగా వేసిన వాసుదేవరావు ఉత్తమ నటుడయ్యాడు.

ఇంకొకరైతే అక్కడే స్థిరపడి మేడ కట్టుకునేవారు. ఈయన తిరిగి నాటకాల్లోకే వెళ్ళాడు. 1977 నుంచి 81 దాకా తాను చదివిన ఢిల్లీ పాఠశాలకే డైరెక్టరు, తర్వాత భోపాల్‌లో రంగమండల్, 1989లో మైసూరులో రంగాయణ. యెక్కడా కుదురుగా నిలవలేదు. చెప్పొద్దూ, ఆయనతో కాపురం సులువని నేననుకోను. భార్య ప్రేమా కారంత్ మాత్రం తానూ నాటకాలు నేర్చి, బాలవితంతువు కథ 'ఫణియమ్మ'ను 1983లో సినిమాగా తీసింది.

కారంత్ 2002లో పోయాడు. ఆయన చెబుతుండగా రచయిత్రి వైదేహి వ్రాసిన ఆత్మకథ పేరుకు అర్థం "ఇక్కడ ఉండలేను, అక్కడికి వెళ్ళలేను" అని.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, గ్లాసు కింద పెట్టి, "అయితే ఎం. ఏ. ప్యాసయ్యాడన్నమాట!" అన్నారు.